పోగు ఖరీదు: ఐర్లండ్‌లో ఆక్రిలిక్ నుంచి కార్బన్ ఫైబర్ దాకా

ఐర్లండ్ వాయవ్య తీరాన, మేయో కౌంటీలో కిలాలా అనే చిన్న ఊరు ఉంది. ఐరిష్ చరిత్ర గ్రంథాల్లో ఆ పేరు 1798 ఆగస్టుతో ముడిపడి కనిపిస్తుంది. బ్రిటిష్ పాలనపై తిరుగుబాటుకు అండగా జనరల్ ఉంబేర్ తీసుకొచ్చిన ఫ్రెంచి సైన్యం దిగింది ఆ అఖాతంలోనే. పారిశ్రామిక చరిత్రలో ఆ ఊరికి ఇంకొక సంవత్సరం ముఖ్యం. 1977లో జపాన్‌కు చెందిన అసాహి సంస్థ అక్కడ ఆక్రిలిక్ పీచు తయారుచేసే కర్మాగారాన్ని ప్రారంభించింది. దాని ముడిసరుకు ఆక్రిలోనైట్రైల్ అనే ద్రవం. అది విషపూరితం, నిప్పు తగిలితే క్షణంలో అంటుకుంటుంది. డబ్లిన్ రేవు నుంచి రైలు ట్యాంకర్లలో దేశాన్ని అడ్డంగా దాటి బాలినా స్టేషనుకూ, అక్కడి నుంచి రోడ్డు మీద కిలాలాకూ చేరేది. కర్మాగారం నుంచి బయటికి వెళ్లేది మాత్రం స్వెటర్లకూ దుప్పట్లకూ పనికివచ్చే మెత్తని పీచు.

ఇరవై ఏళ్లు నడిచి 1997లో ఆ కర్మాగారం మూతపడింది. వందలమంది ఉపాధి పోయింది. ఐర్లండ్ పశ్చిమ ప్రాంతానికి అది పెద్ద దెబ్బ. దానిని కృత్రిమ వస్త్ర పరిశ్రమ క్షీణతలో ఒక అధ్యాయంగా చెప్పుకోవడం సహజమే. కానీ కిలాలాలో తీసిన పీచుకు రసాయనశాస్త్రంలో ఉన్న పేరు పాలీఆక్రిలోనైట్రైల్. నేడు ప్రపంచంలో తయారయ్యే కార్బన్ ఫైబర్‌లో నూటికి తొంభై పాళ్లకు పైగా ఈ పదార్థం నుంచే వస్తుంది. స్వెటర్ ఊలూ, విమానం రెక్కా ఒకే వంశానికి చెందినవి. మరి ఒకటి సంతలో దొరికేంత చవకగానూ, మరొకటి సామాన్యమైన కారుకు సైతం వాడలేనంత ఖరీదుగానూ ఎందుకున్నాయి? ఆ ఖరీదును తగ్గించడానికి సాగిన ప్రయత్నాల చరిత్రలో ఐర్లండ్ పేరు ఒకటికి నాలుగుసార్లు తగులుతుంది.

షడ్భుజి

కార్బన్ ఫైబర్ అంటే నూటికి 92 పాళ్లకు తక్కువ కాకుండా కార్బన్ ఉన్న సన్నని పోగు. దాని మందం 5 నుంచి 10 మైక్రాన్లు. తలవెంట్రుకలో పదో వంతు అనుకోవచ్చు. ఉక్కులో నాలుగో వంతు కన్నా తక్కువ సాంద్రత కలిగి కూడా, లాగినప్పుడు ఉక్కును మించిన బలం చూపుతుంది. ఆ బలానికి మూలం కార్బన్ పరమాణువుల అమరికలో ఉంది. ఆరేసి పరమాణువులు షడ్భుజాలుగా కలిసి, షడ్భుజాలు తేనెపట్టులాంటి పలకలుగా కలిసి, ఆ పలకలు పోగు పొడవునా బారులు తీరి ఉంటాయి.

ఈ అమరికను ప్రపంచానికి స్పష్టం చేసినవారిలో ఇద్దరు ఐర్లండ్‌లో పుట్టినవారే. టిప్పరెరీ కౌంటీలోని నీనా దగ్గర 1901లో జన్మించిన జాన్ డెస్మండ్ బెర్నాల్, లండన్‌లో విలియం బ్రాగ్ ప్రయోగశాలలో పనిచేస్తూ 1924లో గ్రాఫైట్ స్ఫటిక నిర్మాణాన్ని ఎక్స్ కిరణాల సాయంతో నిర్ధారించాడు. ఒక పలక మీద మరో పలక కాస్త జరిగి కూర్చునే ఆ తీరును నేటికీ బెర్నాల్ పేరుతోనే పిలుస్తారు. కిల్డేర్ కౌంటీలోని న్యూబ్రిడ్జ్‌లో 1903లో పుట్టిన కాథ్లీన్ లాన్స్‌డేల్, 1929లో బెంజీన్ వలయం చదునైనదని స్ఫటికాల ఆధారంగా రుజువు చేసింది. వీరిద్దరూ కార్బన్ ఫైబర్ కోసం పరిశోధించలేదు. అప్పటికి ఆ ఊహే లేదు. కానీ తరువాత వచ్చినవారు ఏ ఆకృతి కోసం వెతకాలో వీరి పని వల్ల తెలిసింది.

బట్టల మిల్లు నుంచి కొలిమికి

బొగ్గుగా మార్చిన పోగు కొత్తది కాదు. 1879లో ఎడిసన్ విద్యుద్దీపంలో వెలిగింది నూలు దారాన్ని బొగ్గు చేసి తీసిన తంతువే. అయితే అది పెళుసు. 1958లో అమెరికాలోని యూనియన్ కార్బైడ్ ప్రయోగశాలలో రోజర్ బేకన్ అసాధారణమైన బలం గల గ్రాఫైట్ తంతువులను కనుగొన్నప్పుడు కార్బన్ పోగు ఎంత బలంగా ఉండగలదో తెలిసింది. ఆ తంతువులను టన్నుల లెక్కన తయారుచేసే దారి మాత్రం లేదు. ఆ దారి ఒసాకాలోని ప్రభుత్వ పరిశోధనశాలలో అకియో షిండోకు దొరికింది. 1960 ప్రాంతంలో ఆయన ఆక్రిలిక్ పీచును కాల్చి మంచి కార్బన్ పోగు తీయవచ్చని చూపాడు. ఇంగ్లండ్‌లో ఫార్న్‌బరో రాయల్ విమాన పరిశోధనశాలలో విలియం వాట్ బృందం 1963, 64 నాటికి దానిని చాలా బలమైన పోగుగా అభివృద్ధి చేసింది. వేడి చేసేటప్పుడు పీచు ముడుచుకుపోకుండా లాగి పట్టడం వారి కిటుకు.

ఆ బ్రిటిష్ పోగుకు ఆధారం కోర్టాల్డ్స్ సంస్థ బట్టల కోసం తయారుచేసే కోర్టెల్ అనే ఆక్రిలిక్ పీచు. అంటే తొలినాళ్ల కార్బన్ ఫైబర్ వస్త్ర పరిశ్రమ ఒడిలోనే పెరిగింది. అదే కోర్టాల్డ్స్‌కు ఐర్లండ్ ద్వీపం ఉత్తర భాగంలో కారిక్‌ఫెర్గస్ వద్ద రేయాన్ మిల్లు ఉండేది. కోల్‌రేన్‌లో మొన్‌శాంటో ఆక్రిలిక్ పీచు తయారుచేసేది. దక్షిణాన 1973లో ఐర్లండ్ యూరోపియన్ ఆర్థిక సమాజంలో చేరాక, పన్ను రాయితీలతో విదేశీ సంస్థలను పిలిచే విధానంలో భాగంగా అసాహి కిలాలాకు వచ్చింది. ఇరవయ్యో శతాబ్దపు ద్వితీయార్ధంలో ఆ చిన్న ద్వీపం కృత్రిమ పీచుకు పెద్ద కార్యస్థానమే.

వస్త్ర పీచు నుంచి విమానపు పోగు దాకా ప్రయాణం సాఫీగా సాగలేదు. రోల్స్ రాయిస్ తన ఆర్‌బీ211 ఇంజను ఫ్యాన్ రెక్కలను కార్బన్ ఫైబర్‌తో చేయబోయింది. పక్షి తగిలితే తట్టుకోవాలన్న పరీక్షలో అవి పగిలిపోయాయి. టైటానియంకు మారక తప్పలేదు. ఆ ఇంజను ఖర్చులు మోయలేక 1971 ఫిబ్రవరిలో సంస్థ దివాలా తీసింది. అదే ఏడాది జపాన్‌లో టోరే సంస్థ వాణిజ్య స్థాయిలో కార్బన్ ఫైబర్ ఉత్పత్తి మొదలుపెట్టింది. చేపల గాలాల కర్రలూ, గోల్ఫ్ కర్రలూ వంటి చిన్న వస్తువులతో ఓపికగా మార్కెట్ పెంచుకుంటూ వచ్చింది.

ఖరీదు ఎక్కడ పుడుతుంది

బొగ్గుల బట్టీ తెలిసినవారికి కార్బన్ ఫైబర్ తయారీ సగం తెలిసినట్లే. కట్టెలను పేర్చి, మట్టి కప్పి, గాలి చొరబడకుండా కాలిస్తే మంటగా పోవలసినది బొగ్గుగా మిగులుతుంది. కట్టె ఆకారం బొగ్గులోనూ నిలుస్తుంది, ఎందుకంటే కట్టె కరగదు. అదే బట్టీలో కొవ్వొత్తి పెడితే బొగ్గు మిగలదు. ముందు కరుగుతుంది, తరువాత ఆవిరైపోతుంది. కార్బన్ ఫైబర్ సమస్య మొత్తం ఈ తేడాలోనే ఉంది. పోగు తీయాలంటే పదార్థం కరగాలి, లేదా ద్రావకంలో కలవాలి. జంతికల గొట్టంలోంచి పిండి దిగినట్లు సన్నని రంధ్రాల గుండా దిగాలి. పోగుగా మారిన తరువాత మాత్రం ఎంత వేడికీ కరగకూడదు.

పాలీఆక్రిలోనైట్రైల్ ఈ పరీక్షలో నెగ్గుతుంది. గాలిలో 200 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ మధ్య నిదానంగా వేడిచేస్తే, గొలుసు పక్కన వేలాడే నైట్రైల్ సమూహాలు ఒకదానితో ఒకటి చేతులు కలిపి వలయాల నిచ్చెనగా మారతాయి. ఈ దశను స్థిరీకరణ అంటారు. తరువాత నత్రజని వాతావరణంలో వెయ్యి డిగ్రీలు దాటి వేడిచేస్తే కార్బన్ కానివన్నీ వాయువులుగా వెళ్లిపోయి షడ్భుజాల పలకలు ఏర్పడతాయి.

ఖరీదు ఈ మెట్లన్నిటిలోనూ పంచుకుని ఉంది. మొదటిది ముడిపోగు, అంటే కాల్చబోయే పీచు. ద్రావకంలో కలిపి తీసి, కడిగి, మచ్చ లేకుండా తయారుచేయాలి. రేణువంత మలినం కూడా తరువాత పోగు తెగే చోటు అవుతుంది. రెండోది నష్టం. పాలీఆక్రిలోనైట్రైల్ బరువులో కార్బన్ 68 శాతమే. అందులోనూ కొంత పోగా, రెండు కిలోల ముడిపోగుకు సుమారు ఒక కిలో కార్బన్ ఫైబర్ మిగులుతుంది. మూడోది కాలం. స్థిరీకరణకు గంట, రెండు గంటలు పడుతుంది. తొందరపడి వేడి పెంచితే పీచు తనలోంచి పుట్టే వేడికే అంటుకుంటుంది. నాలుగోది కొలిమి మింగే విద్యుత్తు, వెలువడే హైడ్రోజన్ సయనైడ్ వంటి విషవాయువుల శుద్ధి. ఇవన్నీ కలిపితే వచ్చే ధరలో సుమారు సగం ముడిపోగుదే. చవక కార్బన్ ఫైబర్ కోసం వెతికినవారు ముందుగా ముడిపోగు మీద దృష్టి పెట్టడానికి కారణం ఇదే.

కొనగలిగినవారి పోగు

ఖరీదుకు వెనుదీయని రంగాలు కొన్ని ఉన్నాయి. 1981లో మెక్‌లారెన్ సంస్థ కార్బన్ ఫైబర్ దేహంతో ఎంపీ4/1 అనే పందెం కారును బరిలోకి దింపింది. పెళుసు బొగ్గుతో చేసిన కారు గుద్దుకుంటే పొడిపొడి అవుతుందని అనుమానించినవారు చాలామంది. ఆ జులైలో బెల్‌ఫాస్ట్‌కు చెందిన జాన్ వాట్సన్ ఆ కారుతో సిల్వర్‌స్టోన్‌లో బ్రిటిష్ గ్రాండ్ ప్రీ గెలిచాడు. సెప్టెంబరులో ఇటలీలోని మోన్జాలో అదే రకం కారు అదుపుతప్పి గోడను ఢీకొని, ఇంజను విడిపోయింది. వాట్సన్ క్షేమంగా నడిచి బయటికి వచ్చాడు. గెలుపు కన్నా ఆ ప్రమాదమే కార్బన్ ఫైబర్‌పై నమ్మకాన్ని ఎక్కువగా పెంచింది.

వాట్సన్ పుట్టిన బెల్‌ఫాస్ట్‌లోనే తరువాత బొంబార్డియే సంస్థ నేటి ఎయిర్‌బస్ ఏ220 విమానాలకు కార్బన్ ఫైబర్ రెక్కలు తయారుచేసే కర్మాగారం నెలకొల్పింది. 2013లో అది లాంఛనంగా ప్రారంభమైంది. గాల్వే కౌంటీలోని ఇన్వెరిన్‌లో ఐరె కాంపొజిట్స్ సంస్థ విమాన భాగాలూ, గాలిమర రెక్కలూ తయారుచేస్తోంది. అంటే ఈ ద్వీపానికి పోగును వస్తువుగా మలిచే నేర్పు ఉంది. పోగు మాత్రం బయటి నుంచి రావలసిందే.

విమానానికి చెల్లిన ధర కారుకు చెల్లదు. అందుకే అమెరికా ఇంధన శాఖ మామూలు కార్లలో వాడదగిన కార్బన్ ఫైబర్‌కు ఒక గీత గీసింది: పౌను ధర 5 డాలర్ల దరిదాపుల్లో, బలం 1.7 గిగాపాస్కల్‌కు తగ్గకుండా. విమాన తరగతి పోగుల బలం దీనికి రెట్టింపు పైమాటే. కారుకు అంత అవసరం లేదు. ఈ సడలింపే సామాన్యమైన ప్లాస్టిక్‌లకు తలుపు తెరిచింది.

కొవ్వొత్తిని బొగ్గు చేయడం

సామాన్య ప్లాస్టిక్‌లలో అందరికన్నా ముందు నిలిచేది పాలిథిన్. కిరాణా సంచి నుంచి నీళ్ల ట్యాంకు దాకా అదే. దాని బరువులో దాదాపు 86 శాతం కార్బన్, అంటే పాలీఆక్రిలోనైట్రైల్ కన్నా ఎంతో ఎక్కువ. ద్రావకం అక్కర్లేకుండా కరిగించి పోగు తీయవచ్చు. ధర విషయంలో ఆక్రిలిక్ దానికి సాటి రాదు. కానీ పాలిథిన్ రసాయనికంగా కొవ్వొత్తి మైనానికి అన్న. అవే గొలుసులు, పొడవు మాత్రమే ఎక్కువ. కొలిమిలో పెడితే కొవ్వొత్తి గతే పడుతుంది.

దీనికి విరుగుడు గంధకామ్లం. పాలిథిన్ పోగును వేడి గాఢ ఆమ్లంలో ముంచితే గంధక సమూహాలు గొలుసులకు అతుక్కుని, వాటిని ఒకదానితో ఒకటి ముడివేస్తాయి. ఆ తరువాత పోగు కరగదు. 1970లలో జపాన్‌లో ఈ మార్గానికి బీజం పడింది. 1990లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు మామూలు పాలిథిన్ రకం నుంచి కార్బన్ పోగులు తీసి ప్రచురించారు. 2012లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల బృందం పాలిథిన్ పోగులను ఇదే పద్ధతిలో కాల్చి, బోలుగానో, పళ్ల చక్రం ఆకారంలోనో, కోరిన రూపంలో కార్బన్ పోగులు తీయవచ్చని చూపింది.

అయితే ఒక చోట తగ్గిన ఖర్చు మరో చోట తేలింది. ముడిపోగు చవకైంది గానీ, ఆమ్లంలో నానబెట్టడానికి సమయం కావాలి, ఆమ్లానికి ఓర్చే యంత్రాలు కావాలి, వాడిన ఆమ్లాన్ని తిరిగి పట్టాలి, కాల్చేటప్పుడు వచ్చే గంధక వాయువును ఆపాలి. గొలుసుల మధ్య షడ్భుజాల పలకలు తిన్నగా బారులు తీరకపోవడంతో బలం కూడా ఆక్రిలిక్ పోగుకు సమానం కాలేదు.

అదే ఓక్ రిడ్జ్‌లో రెండో మార్గం కూడా సాగింది. ప్రత్యేకంగా తీసిన ముడిపోగుకు బదులు, బట్టల మిల్లులకు వెళ్లే మామూలు ఆక్రిలిక్ పీచునే ఎందుకు కాల్చకూడదు? ఆ పీచు మందమైన కట్టలుగా, పెద్ద మొత్తాల్లో, తక్కువ ధరకు తయారవుతుంది. అందులో కలిపే ఇతర రసాయనాల వల్ల కొలిమిలో ప్రవర్తన వేరు. ఆ ప్రవర్తనను అదుపు చేయడం నేర్చుకుంటే చాలు. 2016లో ఆ ప్రయోగశాల ఈ పద్ధతిలో ఉత్పత్తి ఖర్చు సగం దాకా తగ్గగలదని ప్రకటించింది.

ఈ మలుపు కిలాలా కథకు కొత్త అర్థాన్నిస్తుంది. ఫార్న్‌బరో రోజుల్లో వస్త్ర పీచుతో మొదలైన ప్రయాణం, యాభై ఏళ్లు ప్రత్యేక పీచుల చుట్టూ తిరిగి, మళ్లీ వస్త్ర పీచు దగ్గరికే వచ్చింది. పోర్చుగల్‌లో లిస్బన్‌కు ఎదురుగా లావ్రాడియోలో ఫిసిపె అనే ఆక్రిలిక్ కర్మాగారం ఉండేది. కిలాలా లాగే 1970ల నాటిది, దానిలాగే జపాన్ సాంకేతికతతో ముడిపడినది. అది ఈ శతాబ్దం దాకా నిలిచింది. 2012లో జర్మనీకి చెందిన ఎస్‌జీఎల్ సంస్థ దానిని కొని కార్బన్ ఫైబర్ ముడిపోగు తయారీకి మళ్లించింది. పదిహేనేళ్ల ముందే మూతపడిన కిలాలాకు అటువంటి రెండో జీవితం రాలేదు. అయితే రెండో జీవితం కూడా పూలబాట కాదు. గాలిమరల నుంచి గిరాకీ తగ్గడంతో కార్బన్ ఫైబర్ విభాగం భవితవ్యంపై అన్ని మార్గాలూ పరిశీలిస్తున్నట్లు ఎస్‌జీఎల్ 2024లో ప్రకటించింది.

లిమరిక్ మిశ్రమం

ఐర్లండ్‌లో ముడిపోగు ప్రశ్న మళ్లీ లేచింది కిలాలాకు దక్షిణాన, షానన్ నది ఒడ్డున. లిమరిక్ విశ్వవిద్యాలయంలోని పదార్థ పరిశోధన సంస్థకు బెర్నాల్ పేరే పెట్టారు. గ్రాఫైట్ పలకల అమరికను చెప్పినవాని పేరున్న ఆ సంస్థలో మారిస్ కాలిన్స్ నాయకత్వాన 2016లో లిబ్రే అనే యూరోపియన్ ప్రాజెక్టు మొదలైంది. ఐరోపా దేశాల పరిశోధనశాలలూ పరిశ్రమలూ అందులో భాగస్వాములు. వారు ఎంచుకున్న మూలపదార్థం లిగ్నిన్.

చెట్టు నిటారుగా నిలబడటానికి కారణమైన జిగురు లిగ్నిన్. కాగితపు మిల్లులో గుజ్జు తీశాక మిగిలే నల్లని ద్రవంలో ఉంటుంది. ఎక్కువ భాగాన్ని మిల్లులే బాయిలర్లలో కాల్చేస్తాయి. దాని అణువుల్లో షడ్భుజ వలయాలు ప్రకృతి సిద్ధంగానే ఉన్నాయి గనుక కొలిమి పని కొంత ముందే జరిగిపోయినట్లు. జపాన్‌లో 1960లలోనే లిగ్నిన్ నుంచి కార్బన్ పోగు తీసి అమ్మజూశారు గానీ అది నిలవలేదు. లిగ్నిన్ పోగు మరీ పెళుసు. చుట్టబోతే తెగుతుంది.

ఇక్కడే సామాన్యమైన ప్లాస్టిక్ రంగంలోకి వస్తుంది. లిగ్నిన్‌కు లేని సాగేగుణాన్ని ప్లాస్టిక్ ఇస్తుంది. ప్లాస్టిక్‌కు లేని బొగ్గును లిగ్నిన్ ఇస్తుంది. లిమరిక్ బృందం, జర్మన్ భాగస్వాములతో కలిసి, లిగ్నిన్‌ను చెప్పుల అట్టల్లో వాడే రకం పాలీయురెథేన్‌తో కలిపి పోగులు తీసి 2018లో ప్రచురించింది. నీళ్ల సీసాల ప్లాస్టిక్ అయిన పెట్‌ను, అదీ మొక్కల నుంచి తీసిన రకాన్ని, లిగ్నిన్‌తో కలిపిన ఫలితాలు 2019లో వచ్చాయి. అంతకు పూర్వం కెనడాలో కుబో, కాడ్లా అనే శాస్త్రజ్ఞులు పెట్, లిగ్నిన్‌ల మిశ్రమాన్ని పరిశీలించి ఉన్నారు. లిమరిక్ పని ముందుకు తెచ్చిన ప్రశ్న వేరు: ఏ లిగ్నిన్ ఏ ప్లాస్టిక్‌తో కలుస్తుంది?

ఆ ప్రశ్న పైకి కనిపించినంత చిన్నది కాదు. లిగ్నిన్ ఒకే పదార్థం కాదు. చెట్టును బట్టీ, మిల్లు పద్ధతిని బట్టీ దాని అణునిర్మాణం మారుతుంది. ఒక రకం పెట్‌తో పాలూ నీళ్లలా కలిసిపోతే, మరొక రకం నూనెలా విడిపడుతుంది. కలిసిన మిశ్రమం నునుపైన పోగునిస్తుంది. విడిపడిన మిశ్రమంలోని ప్లాస్టిక్ కొలిమిలో ఆవిరై, పోగు నిండా ఖాళీలు వదులుతుంది. అవి బలం కోరేచోట దోషం. బ్యాటరీ, వడపోత వంటి పనుల్లో గుణం కూడా కావచ్చు. ఇటువంటి లిగ్నిన్ పోగుల బలం సాధారణంగా ఒక గిగాపాస్కల్ పరిసరాల్లో ఉంటోంది. కార్ల కోసం గీసిన 1.7 గీతకు ఇంకా దూరమే.

మిగిలిన లెక్క

ఈ చరిత్రను వరుసగా పెట్టి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ప్లాస్టిక్ ధర తగ్గినంతలో పోగు ధర తగ్గదు. ఆక్రిలిక్‌లో ఖర్చు ముడిపోగు నాణ్యతలోనూ కొలిమిలోని కాలంలోనూ ఉంది. పాలిథిన్‌లో అది ఆమ్లంలోకి మారింది. లిగ్నిన్ మిశ్రమాల్లో, ప్రతి మిల్లు నుంచి వచ్చే సరుకూ ఒకేలా ఉండేట్లు చూడటంలోకి మారింది. చవక పోగు అంటే అసలు ఖర్చు లేని పోగు కాదు. ఖర్చు భరించగలిగిన మెట్టులో ఉన్న పోగు.

అందుకే కిలాలా వంటి కర్మాగారాల విలువ వాటి మూసివేత నాటి లెక్కల్లో పూర్తిగా కనిపించదు. ప్రమాదకరమైన ద్రవాన్ని ఊరి మధ్యలోంచి భద్రంగా తేవడం, వేల పోగులను ఒకే మందంతో రోజుల తరబడి తీయడం, తెగినచోట కారణం పట్టుకోవడం వంటి నేర్పులు అక్కడి కార్మికులకు ఇరవై ఏళ్లు రోజువారీ పని. నేడు లిమరిక్ ప్రయోగశాలలో గ్రాముల్లో రుజువైన మిశ్రమం టన్నుల్లోకి ఎదగాలంటే కావలసినవి సరిగ్గా ఆ నేర్పులే. ఐర్లండ్ చేతిలో ఈవేళ పోగు రసాయనం ఉంది, రెక్కలు మలిచే కర్మాగారాలూ ఉన్నాయి. ఆ రెంటినీ కలిపే మధ్య మెట్టు, పోగు వడికే మిల్లు, ఒకప్పుడు మేయో తీరంలో ఉండేది.